ఆపరేషన్ టేబుల్ మీద భద్రంగా అనిపించిందా? ఒక ఓటీ నర్సు ప్రాజెక్టు డైరీ

జూన్ రెండో వారం

టాపిక్ ఖాయమైంది, గైడ్ మేడం సంతకం కూడా అయింది. ఎమ్మెస్సీ నర్సింగ్ కోసం నేను చేయబోయే పని ఇదీ: నడుం సూదితో (వెన్నులో ఇచ్చే మత్తు, స్పైనల్ అనస్థీషియా) ఆపరేషన్ చేయించుకునే పేషెంటు టేబుల్ మీద ఉన్నంతసేపూ తాను భద్రంగా ఉన్నానని ఎంతవరకు అనుకున్నాడో కొలిచే ప్రశ్నాపత్రం తెలుగులో తయారుచేయడం. కొలుస్తానంటే మా థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్ నవ్వారు. "బీపీ కొలుస్తున్నాం, ఆక్సిజన్ కొలుస్తున్నాం, మూత్రం కూడా మిల్లీలీటర్లలో రాస్తున్నాం. ఇక ఇదొక్కటే మిగిలిందా తల్లీ?" అన్నారు. అవును, ఇదొక్కటే మిగిలింది.

థియేటర్లో భద్రత అనగానే అందరూ గోడకి అంటించిన చెక్‌లిస్టు చూపిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చినది. 19 అంశాలు. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, పేషెంటుని బయటికి పంపే ముందు ఒకసారి ఆగి సరిచూసుకోవాలి. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించారు, వాటిలో ఢిల్లీ ఒకటి. 2009 జనవరిలో వచ్చిన ఫలితాల ప్రకారం మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7కి తగ్గాయి. ఆ కాగితం అంటే నాకు గౌరవమే. అయితే అందులో పేషెంటు నోరు విప్పేది మొదటిసారి ఆగినప్పుడే: పేరేంటి, ఏం ఆపరేషన్, ఏ వైపు. పూర్తిగా నిద్రపుచ్చే కేసుల్లో అంతకన్నా అడగడానికి ఏమీ ఉండదు కూడా. నడుం సూది సంగతి అలా కాదు. నడుం నుంచి కిందికే మొద్దుబారుతుంది. కళ్లు, చెవులు, ముక్కు, బుర్ర అన్నీ పనిచేస్తూనే ఉంటాయి. హెర్నియా, వరిబీజం, మొలలు, కాలి ఎముక ప్లేటు, గర్భసంచి... వీటిలో చాలా కేసులకి మనిషి మెలకువగానే పడుకుని ఉంటాడు. ఆ సమయంలో ఆయనకి ఎలా ఉందన్నది ఏ కేస్ షీట్లోనూ ఉండదు.

జూన్ చివర

ఇలాంటి ప్రశ్నాపత్రాలు, మా భాషలో స్కేళ్లు, ఉన్నవన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఎక్కువగా వాడేది ఆమ్‌స్టర్‌డామ్ స్కేల్, 1996 నాటిది. ఆరే ఆరు వాక్యాలు: నాలుగు భయం గురించి, రెండు సమాచారం కావాలా అని. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. చిన్నది, చేతికి అందేది. స్పీల్‌బర్గర్ ఆందోళన స్కేల్‌లో 40 వాక్యాలు. కుట్లు వేయించుకున్న మనిషికి 40 వాక్యాలు చదివి వినిపించడం నాకైతే శిక్షలా అనిపిస్తుంది. 2014లో వచ్చిన సర్జికల్ ఫియర్ ప్రశ్నాపత్రం ఎనిమిది ప్రశ్నలది, 0 నుంచి 10 వరకు గుర్తు పెట్టాలి.

ఇవన్నీ కొలిచేది భయాన్ని. అదీ ఎక్కువగా ఆపరేషన్‌కి ముందు. నాకు కావలసింది లోపల ఉన్నప్పటి సంగతి. భయపడుతూనే "నా దగ్గర మనిషి ఉన్నారు, ఏం ఫరవాలేదు" అనుకునేవాళ్లని రోజూ చూస్తున్నాను. ఏ భయమూ లేకుండా వచ్చి, లోపల తనని పట్టించుకునేవాళ్లు లేక బిక్కచచ్చిపోయినవాళ్లనీ చూశాను. భయం స్కేల్ తిరగేసి పెడితే భద్రత స్కేల్ అయిపోదు. గైడ్ మేడంని ఒప్పించడానికి ఈ ఒక్క పాయింటుకే చాలాసేపు పట్టింది.

పాత పుస్తకాలు తిరగేస్తుంటే హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కనపడింది. పరీక్షకి ఒక లైను చదివి వదిలేసినదే, ఈసారి కుదురుగా చదివాను. క్లోరోఫాం మత్తు భద్రమా కాదా తేల్చడానికి వేసినది, 1888లో ఒకసారి, 1889లో మరోసారి. హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ, ఆయన వెనక ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. క్లోరోఫాంతో మొదట ఆగేది గుండా, ఊపిరా అన్నది తగువు. ఊపిరినే కనిపెట్టుకుని ఉంటే క్లోరోఫాం ప్రమాదం కాదని లారీ పట్టు. లండన్ నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక తన మనిషిని పంపడానికి నిజామే వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. ఆ కాలంలోనే అక్కడ చదివి క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్తారు. ప్రయోగాలు జరిగింది కుక్కలు, కోతుల్లాంటి జంతువుల మీద. వాటిని అడగడానికి ఏమీ లేదనుకోండి! కానీ మత్తులో భద్రత అంటే నాడి, ఊపిరి, ఇప్పుడైతే మానిటర్ అంకెలు అన్న అలవాటు మనకి అప్పటినుంచే ఉంది. నా థీసిస్ ఉపోద్ఘాతంలో దీనికి ఒక పేరా ఇస్తాను. ఎగ్జామినర్ కొట్టేస్తే కొట్టేయనీ.

జులై

ఎథిక్స్ కమిటీ. నా ప్రపోజల్లో "ఆపరేషన్ నడుస్తుండగా మూడుసార్లు ఒక చిన్న ప్రశ్న అడుగుతాను" అని ఉంది. దాని దగ్గరే ఆగారు. సర్జన్ గారి అభ్యంతరం: మీరు మాట్లాడిస్తే పేషెంటు కదులుతాడు. కమిటీలోని లాయర్ గారిది ఇంకా గట్టిది. చుట్టూ కత్తులు పట్టుకున్నవాళ్లు నిలబడి ఉండగా "మీకు ఎలా ఉంది" అంటే ఎవరైనా "బాగుంది" అనక ఏమంటారు, అది జవాబేనా అన్నారు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఆ భాగం తీసేశాం. లోపల నేను ఏమీ అడగను, జరిగింది నోట్ చేసుకుంటానంతే. ప్రశ్నలు మర్నాడు వార్డులో.

మర్నాడు అంటే ఇంకో చిక్కు. చాలామందికి టెన్షన్ తగ్గించడానికి మత్తు డాక్టర్లు మిడజోలం కొద్దిగా ఇస్తారు. అది ఇచ్చాక జరిగింది గుర్తుండకపోవచ్చు. గుర్తులేని మనిషి "అంతా బాగానే ఉంది" అంటే దాన్ని భద్రత కింద రాసుకోలేం. కేస్ షీట్లో మిడజోలం ఉన్నవాళ్లని వేరే గుంపుగా పెట్టాలని నిర్ణయం. సిజేరియన్ కేసులు అసలు తీసుకోవడం లేదు. బిడ్డ ఏడుపు వినపడ్డాక తల్లి ధ్యాసంతా అటే, ఆ గంటకి ఆమె ఇచ్చే మార్కులు థియేటర్‌కి కాదు, బిడ్డకి.

సమ్మతి పత్రం విషయంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: పేషెంటుకి అర్థమయ్యే భాషలో ఉండాలి, వేలిముద్ర వేసేవాళ్లయితే సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. సాక్షి కోసం వార్డంతా తిరగడమే ఈ నెల పని అయిపోయింది. అందరూ ఎవరో ఒకరి బంధువులే!

ఆగస్టు

ప్రశ్నలు రాసే ముందు ఊరికే మాట్లాడించాలి. "నిన్న లోపల ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి" అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినడం. ప్రాజెక్టు మొత్తంలో నాకు నచ్చిన పని ఇదే. ఇన్నేళ్లు అదే గదిలో పనిచేసినా నాకు తెలియనివి ఎన్ని బయటపడ్డాయో.

అందరి నోటా మొదట వచ్చేది చలి. ఏసీ మాకు ఆకుపచ్చ గౌన్ల మీద గౌన్లు వేసుకున్నా సరిపోతుంది. వాళ్ల ఒంటిమీద ఉండేది ఒక పల్చటి గుడ్డ. పైగా నడుం సూది తర్వాత వణుకు రావడం మామూలే. మాకు అది మామూలు. "పళ్లు టకటకలాడుతుంటే ప్రాణం పోతోందనుకున్నానమ్మా" అన్నాడు మొలల ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన.

తర్వాతిది నేను ఊహించనిది. నడుం సూది నొప్పిని ఆపుతుంది కానీ తాకినట్టు, లాగినట్టు కొంత తెలుస్తూనే ఉంటుంది. ఆ సంగతి ముందు ఎవరూ చెప్పకపోతే, సర్జన్ చెయ్యి తగలగానే పేషెంటు ఏమనుకుంటాడు? మత్తు ఎక్కలేదు, కోసేస్తున్నారు అనుకుంటాడు. ఆ క్షణాన్ని చాలామంది దాదాపు ఒకే రకంగా వర్ణించారు: అరవాలనిపించడం, అరిస్తే డాక్టరు చెయ్యి బెదురుతుందని ఊరుకోవడం, తర్వాతి నొప్పి కోసం ఎదురుచూస్తూ ఉండటం. ఆ నొప్పి రాదు. కానీ వస్తుందేమోనని గంటసేపు బిగుసుకుని పడుకుంటారు.

ఇంకొన్ని నా నోట్సులోంచి, వరస లేకుండా. పల్స్ ఆక్సీమీటర్ చప్పుడు: ఆక్సిజన్ తగ్గితే దాని శ్రుతి తగ్గుతుందని మాకు తెలుసు, వాళ్లకి తెలియదు, అయినా చప్పుడులో తేడాని మాకన్నా ముందే పట్టేస్తారు. రక్తం ఆగడానికి కాటరీతో కాల్చినప్పుడు వచ్చే వాసన. సెలైన్ ఎక్కుతున్న చేతిని బోర్డుకి కట్టడం. "దొంగని కట్టినట్టు కట్టారు" అన్నాడు ఒక ఆటో డ్రైవర్, నవ్వుతూనే. "నెక్స్ట్ హెర్నియా తీసుకురా" అని వార్డు బాయ్‌కి చెప్పడం, హెర్నియాకి అది వినపడటం. నగలు తీయించడం. మెడలో పసుపుతాడు తీసి ఎవరి చేతికిచ్చారో తెలియక ఒకావిడ ఆపరేషన్ అంతా దాని గురించే ఆలోచించిందట. తాడు బయట చెల్లెలి దగ్గరే ఉంది. ఆ ఒక్క ముక్క లోపలికి చెప్పినవాళ్లు లేరు.

డాక్టర్లు లోపల కబుర్లు చెప్పుకోవడం గురించి మాత్రం మాటలు రెండు దారుల్లో పోయాయి. "క్రికెట్ గురించి మాట్లాడుకుంటున్నారంటే నా కేసు తేలికన్నమాట" అని కుదుటపడ్డవాళ్లు ఉన్నారు. "నన్ను మర్చిపోయారు" అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకే సంగతికి రెండు వ్యతిరేక అర్థాలున్నప్పుడు దాన్ని ప్రశ్నగా పెట్టలేం. బాధగానే పక్కన పెట్టాను.

ఇన్నిటి మధ్యా తరచూ తగిలిన మాట ఒకటుంది. తలదగ్గర మనిషి. అనస్థీషియా టెక్నీషియనో, పీజీ డాక్టరమ్మో, నర్సులకి సాయంగా ఉండే ఎఫ్ఎన్ఓ ఆమో, ఎవరైనా సరే. తెర వేశాక పేషెంటుకి కనపడేది పై లైటు, తెర గుడ్డ, తలదగ్గర నిలబడ్డవాళ్ల కళ్లు. ఆ కళ్లు అప్పుడప్పుడు తనవైపు చూస్తే చాలు. "ఏమైనా అయితే ఈ అమ్మకి చెప్పొచ్చు" అని తెలిసినవాళ్లు చలిని, వాసనని, చప్పుడుని అన్నిటినీ ఓర్చుకున్నారు. అలా తెలియనివాళ్లకి ప్రతిదీ పెద్దదైంది.

సెప్టెంబర్

పెద్ద జాబితా రాశాను, సగానికి పైగా కొట్టేశాను. నిలబడ్డవాటిలో కొన్ని:

"ఒంటిమీద చెయ్యి వేసే ముందు ఏం చేయబోతున్నారో చెప్పారా?"

"తాకినట్టు తెలుస్తుంది, నొప్పి ఉండదు అని ముందే చెప్పారా?"

"లోపల తేడాగా అనిపిస్తే ఎవరికి చెప్పాలో మీకు తెలుసా?"

"చెప్తే వెంటనే వింటారనిపించిందా?"

"మీ ఒంటిమీద బట్ట సరిగా ఉందో లేదో చూసుకున్నారా?"

"బయట ఉన్న మీవాళ్లకి కబురు అందుతోందని మీకు తెలుసా?"

నిపుణుల ప్యానెల్‌కి పంపాను. సర్జన్, మత్తు డాక్టర్లు, నర్సింగ్ ప్రొఫెసర్, సైకాలజిస్టు, థియేటర్ ఇన్‌ఛార్జి, గణాంకాల లెక్చరర్. ఒక్కో ప్రశ్న ఎంత సంబంధం ఉన్నదో 1 నుంచి 4 వరకు వేస్తారు. 3 లేదా 4 వేసినవాళ్ల వంతు 0.78 దాటితే ప్రశ్న నిలుస్తుంది. ఆరుగురు, అంతకన్నా ఎక్కువమంది ఉన్న ప్యానెల్‌కి వాడే గీత ఇది.

సర్జన్ గారు ఒక ప్రశ్న చేర్చమన్నారు: "మీకు మీ డాక్టరు మీద నమ్మకం ఉందా?" ఉంటుంది సార్, అందరూ ఉందనే అంటారు, అనకపోతే కుట్లు ఎవరు విప్పుతారు? ఇలా అనలేదు లెండి. అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్న మనుషుల మధ్య తేడా చూపించలేదని మర్యాదగా రాసి పంపాను.

అసలు దెబ్బ లెక్చరర్ గారి దగ్గర్నుంచి వచ్చింది. "నువ్వు రెండు రకాల ప్రశ్నల్ని కలిపేశావు" అన్నారు. చెప్పారా, బట్ట చూసుకున్నారా అన్నవి జరిగిన సంగతులు. వింటారనిపించిందా అన్నది మనసులోది. మనసులోవి ఒకే మూలంనుంచి వస్తాయి కాబట్టి ఒకదానితో ఒకటి పొత్తు కుదరాలి, ఆ పొత్తుని కొలిచే అంకె, క్రాన్‌బాక్ ఆల్ఫా, 0.7 దాటాలి అని అడగొచ్చు. జరిగిన సంగతులు అలా కాదు. బట్ట సరిగా కప్పిన థియేటర్లో కబురు అందకపోవచ్చు. వాటి మధ్య పొత్తు లేదని ఆల్ఫా తక్కువొస్తే, మంచి ప్రశ్నల్నే పీకి పారేయాల్సి వస్తుంది. ఇప్పుడు ప్రశ్నాపత్రం రెండు భాగాలు. "ఏం జరిగింది" భాగానికి మొత్తం మార్కు ఉండదు, ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చూడాలి. "ఎలా అనిపించింది" భాగమే స్కేల్, దానికే ఆల్ఫా. ఆయనకి నా థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో మొదటి లైను రాసి పెట్టాను.

అక్టోబర్

జవాబు ఎలా తీసుకోవాలన్నది తేలడం లేదు. "పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఏమీ చెప్పలేను" అనే అయిదు మెట్ల లైకర్ట్ వరస చదివి వినిపిస్తే మూడో మెట్టుకి వచ్చేసరికి మొదటిది మర్చిపోతున్నారు. వంద మిల్లీమీటర్ల గీత గీసి చూపించమంటే, గీత చివరల్లో గుర్తు పెట్టడం మర్యాద కాదన్నట్టు అందరూ మధ్యలోనే పెడుతున్నారు. నవ్వు, ఏడుపు ముఖాల బొమ్మలు చూపిస్తే ఒక తాత "ఇది చిన్నపిల్లలది కదమ్మా" అని తిరిగి ఇచ్చేశాడు.

చివరికి పనిచేసింది రెండు మెట్లుగా అడగడం. ముందు అవునా, కాదా. అవునంటే బాగానా, కొంచెమా. కాదంటే అసలు లేదా, కొద్దిగా ఉందా. నాలుగు జవాబులు వస్తాయి, పేషెంటు మాత్రం ఎప్పుడూ రెండిటి మధ్యే ఎంచుకుంటాడు. వేగంగా కూడా సాగుతోంది.

తిరగేసిన ప్రశ్నలు పెట్టాలని రీసెర్చ్ పాఠం: అన్నిటికీ గుడ్డిగా అవును అనకుండా ఉండటానికి. "మిమ్మల్ని ఒంటరిగా వదిలేశారనిపించలేదా?" అని అడిగి చూడండి. అవును అంటే వదిలేశారనా, లేదనా? చెప్పినాయనకే తెలియలేదు, రాసుకున్న నాకూ తెలియలేదు. "కాసేపైనా పక్కన మనిషి లేరనిపించిందా?" అని మార్చాక కుదిరింది.

ఎవరు అడుగుతున్నారన్నది అన్నిటికన్నా పెద్ద సమస్య. నేను యూనిఫాంలో వెళ్తే "బ్రహ్మాండంగా చూసుకున్నారు సిస్టరమ్మా" తప్ప ఇంకో మాట లేదు. దాదాపు అందరూ పై మార్కు దగ్గరే. స్కేల్‌లో నూటికి 15 మందికన్నా ఎక్కువ పై అంచుకి తగులుకుంటే అది ఆ స్కేల్ లోపమని లెక్క. థియేటర్‌తో సంబంధం లేని కమ్యూనిటీ హెల్త్ విద్యార్థిని మామూలు చుడీదార్లో వెళ్లి, డిశ్చార్జి కాగితాలు చేతికొచ్చాక, అదే ప్రశ్నలు అడిగితే జవాబులు కిందికి దిగాయి. అటెండెంట్లు పక్కన ఉంటే మళ్లీ పైకి. భర్తలే జవాబు చెప్పేస్తున్నారు. "దానికేం, బాగానే ఉంది" అని. ఆపరేషన్ ఆవిడదండీ!

నవంబర్

పైలట్, అంటే కొద్దిమందితో ముందుగా చేసి చూడటం, మొదలైంది. ఆమ్‌స్టర్‌డామ్ స్కేల్‌ని కూడా ఆపరేషన్‌కి ముందు రోజు పక్కపక్కనే పెడుతున్నాను. ఊహించినట్టే ఇవి రెండూ ఒకే దారిన పోవడం లేదు. ముందు రోజు వణికిపోయినవాళ్లలో కొందరు మర్నాడు "లోపల బాగానే ఉంది, ఒకమ్మ తల నిమురుతూనే ఉంది" అంటున్నారు. పైలట్ చిన్నది, ఇప్పుడే తీర్పు చెప్పను. ఇప్పటివరకు మనుషుల్ని రెండుగా చీలుస్తున్న ప్రశ్న మాత్రం కనపడుతోంది: తేడాగా ఉంటే ఎవరికి చెప్పాలో తెలుసా అన్నది. దానికి "తెలియదు" అన్నవాళ్లు మిగతా వాటిల్లోనూ కిందే ఉంటున్నారు.

ఇంతలో పెద్ద చిక్కు. మా మత్తు డాక్టరమ్మ ఒకరు నా ఆగస్టు నోట్సు చదివి, మర్నాటినుంచి ప్రతి పేషెంటుకి "తాకినట్టు, లాగినట్టు ఉంటుంది, నొప్పి ఉండదు. నొప్పి వస్తే నాకు చెప్పండి, నేను ఇక్కడే తలదగ్గర ఉంటాను" అని చెప్పడం మొదలుపెట్టారు. థియేటర్ బాయ్ కూడా పేరు పెట్టి పిలుస్తున్నాడు. నేను గదిలో నోట్‌బుక్ పట్టుకుని నిలబడితే అందరూ మరీ మంచివాళ్లైపోతున్నారు. కొలుస్తున్నారని తెలిస్తే ప్రవర్తన మారడం రీసెర్చ్‌లో పాత జబ్బే. మార్పుకి ముందు కొలత నాకు సరిపడా లేదు.

ఆవిడని కొన్నాళ్లు ఆగమని అడగొచ్చా? లెక్కల కోసం పేషెంటుని చెప్పకుండా భయపడనివ్వాలా? ఈ ప్రశ్న గైడ్ మేడం ముందు పెట్టగానే ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆపొద్దు. ఏ తారీఖునుంచి ఎవరు చెప్తున్నారో రాసుకో. చెప్పే డాక్టరు కేసులు, చెప్పని డాక్టరు కేసులు విడిగా పెట్టు" అన్నారు. అదే చేస్తున్నాను. అయితే చెప్పే డాక్టరు మిగతా విషయాల్లో కూడా మెత్తని మనిషి. ఆ తేడా దేనివల్ల వచ్చిందో ఈ పద్ధతిలో తేల్చి చెప్పలేనని పరిమితుల పేజీలో రాయాలి.

నా పరిశీలన షీటు మార్చాను. గదిలో నిలబడటం మానేసి, రికవరీలో థియేటర్ స్టాఫ్ కాని మనిషి చేత నింపిస్తున్నాను. కొంత వివరం పోతుంది, పోనీ.

డిసెంబర్

అసలు డేటా సేకరణకి అనుమతి వచ్చింది. "ఎలా అనిపించింది" భాగంలో ఒక్కో ప్రశ్నకి పదిమంది చొప్పున పేషెంట్లు కావాలి, ఏ ప్రశ్నలు ఒక గుంపుగా కలుస్తాయో చూసే ఫ్యాక్టర్ విశ్లేషణకి వాడే మామూలు లెక్క ఇది. మా దగ్గర నడుం సూది కేసుల రద్దీకి అది కష్టం కాదు. సిజేరియన్లు, మిడజోలం కేసులు తీసేశాక ఎంత మిగులుతుందన్నదే ప్రశ్న. సంక్రాంతి ముందు వారాల్లో వాయిదా వేయదగ్గ ఆపరేషన్లు తగ్గిపోతాయి, పండగ అయ్యాక ఒక్కసారిగా వచ్చి పడతారు. దానికి తగ్గట్టు విద్యార్థినుల డ్యూటీలు వేయాలి.

మళ్లీ అడిగి సరిచూసే పరీక్ష మీద ఇంకా చర్చ నడుస్తోంది. మామూలు స్కేల్ అయితే రెండు వారాల తర్వాత మళ్లీ అడుగుతారు, జవాబు నిలకడగా ఉందా అని. ఇక్కడ ఆపరేషన్ ఒక్కసారే. రెండు వారాల తర్వాత అడిగితే ఆ జవాబు టేబుల్ మీది సంగతి కాదు, ఇంటికెళ్లి పదిమందికి చెప్పుకున్న కథ. కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు అడుగుదామని నేను, డిశ్చార్జి రోజు సాయంత్రమే ఫోన్లో అడిగితే చాలని లెక్చరర్ గారు. రెండూ కొద్దిమందితో చేసి చూడబోతున్నాం.

ప్రశ్నాపత్రం ప్రింటుకి ఇచ్చాను. పెద్ద అక్షరాలు, పేజీకి ఎడమ పక్క "ఏం జరిగింది", కుడి పక్క "ఎలా అనిపించింది". కింద ఒక ఖాళీ గడి అదనంగా పెట్టించాను, "లోపల ఇంకేమైనా చెప్పాలనిపించి చెప్పలేకపోయారా?" అని. దానికి మార్కులు లేవు. గైడ్ మేడం అది థీసిస్‌లోకి రాదన్నారు, కానీ తీసేయమని మాత్రం అనలేదు. సోమవారం నుంచి సర్జరీ ఆడవార్డులో మొదలుపెడుతున్నాం, ఎముకల వార్డు తర్వాతి వారం.